ఎలీజా గొంతు ఎవరిది?

1964 అక్టోబరు ఆఖరి వారం. న్యూయార్క్, టైమ్స్ స్క్వేర్, క్రైటీరియన్ థియేటర్. కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని మీరు వరుసలో నిలబడ్డారు. నాటకానికి వెళ్ళినట్టు టికెట్టు ముందే కొనుక్కుని, సీటు నంబరు చూసుకుని కూర్చోవలసిన సినిమా ఇది. నిడివి 170 నిమిషాలు, మధ్యలో విశ్రాంతి. వార్నర్ బ్రదర్స్ అధిపతి జాక్ వార్నర్ ఒక్క హక్కులకే 55 లక్షల డాలర్లు పోశాడు. అంతకు ముందు ఏ నాటకానికీ ఎవరూ అంత ఇవ్వలేదు.

మీ వెనకున్నావిడ సన్నగా కూనిరాగం తీస్తోంది. సినిమా ఇంకా మొదలే కాలేదు, ఆమెకు పాటలన్నీ వచ్చేశాయి. ఆమెకే కాదు, ఈ వరుసలో సగం మందికి వచ్చు. ‘మై ఫెయిర్ లేడీ’ 1956 మార్చి 15న ఇక్కడికి నడిచి వెళ్ళేంత దూరంలోనే, మార్క్ హెలింజర్ థియేటర్‌లో సంగీత నాటకంగా మొదలైంది. 2,717 ప్రదర్శనలు ఆడి 1962 సెప్టెంబరులో ఆగింది. టికెట్టు దొరికినవాళ్లు నాటకం చూశారు. దొరకనివాళ్లు కొలంబియా వాళ్ల గ్రామఫోను రికార్డు కొనుక్కుని అరిగిపోయేదాకా విన్నారు. ఆ రికార్డులో పూలమ్మే పిల్ల ఎలీజా డూలిటిల్ గొంతు జూలీ ఆండ్రూస్‌ది. నాటకం మొదలైననాటికి ఆమెకు ఇరవై ఏళ్లు. ఎనిమిదేళ్లుగా ఈ ఊళ్లో ఎలీజా అంటే ఆ గొంతే.

ఇవాళ తెర మీద కనిపించబోయే ఎలీజా ఆడ్రీ హెప్‌బర్న్.

గొడవంతా అక్కడే ఉంది. నటిని ఎంచుకునేనాటికి జూలీ ఒక్క సినిమాలో కూడా నటించలేదు. ఇంత డబ్బు పెట్టి, ఊరూరా జనం ఎరగని ముఖాన్ని ముందు పెట్టడం వార్నర్‌కు ఇష్టం లేకపోయింది. ఆడ్రీకి పది లక్షల డాలర్లిచ్చి తీసుకున్నాడు. జూలీ వెళ్ళి డిస్నీ వాళ్ల ‘మేరీ పాపిన్స్’ చేసింది. అది ఈ మధ్యే ఇక్కడ విడుదలైంది. అంటే వరుసలో ఉన్నవాళ్లలో చాలామంది జూలీని తెర మీద కూడా చూసేసి, ఈ అమ్మాయి తెరకు పనికిరాదని ఎవరన్నారు అనుకుంటూ వచ్చినవాళ్లే. ఏ నటీ ఇంతకంటే కష్టమైన హాల్లోకి అడుగు పెట్టి ఉండదు.

దీపాలు ఆరాయి. తెర నిండా పూలు. వెడల్పాటి 70 ఎం.ఎం. తెర మీద ఒక్కో పువ్వూ మనిషంత ఉంది. ఆ తర్వాత లండన్, కోవెంట్ గార్డెన్, ఆపెరా వదిలిన వేళ, వాన. పట్టు గౌన్లూ పొడవాటి టోపీలూ బళ్ల కోసం పరుగులు పెడుతున్నాయి. ఫ్రెడ్డీ అనే కుర్రాడు తగిలి ఒక పిల్ల చేతిలో వయొలెట్ పూల గుత్తులు బురదలో పడ్డాయి. ఆ పిల్ల గొంతు చించుకుని అరిచింది.

హాల్లో చిన్న కదలిక మీకు తెలుస్తుంది. ముఖానికి మసి ఉంది, టోపీ నలిగి ఉంది, గోళ్లలో మట్టి ఉంది. అయినా ఆ పొడవాటి మెడ, ఆ కళ్లు, ఆ బుగ్గల ఎముకలు దాగడం లేదు. స్తంభం చాటున నిలబడి ఆమె మాటలు పుస్తకంలో రాసుకుంటున్న ప్రొఫెసర్ హిగ్గిన్స్‌గా రెక్స్ హారిసన్ నాటకం నుంచి నేరుగా నడిచి వచ్చినట్టున్నాడు. ఎదురుగా ఆమె మాత్రం తన కేకను తానే ఎత్తి చూపిస్తున్నట్టుంది. యాస ఉంది, విసురు ఉంది, కానీ ఈ బజారులో పుట్టి పెరిగిన పిల్ల అని నమ్మకం కుదరడం లేదు. ఇది ఒప్పుకోవలసిన మాటే. మొదటి అరగంటలో ఆడ్రీ ఎలీజా వేషం వేసింది, ఇంకా ఎలీజా కాలేదు.

కూరగాయల బళ్ల మధ్య, చలిమంట పక్కన మొదటి పాట వస్తుంది. మాట్లాడుతున్నప్పుడు ఆమె గొంతులో కొంచెం బొంగురు ఉంది, ఊపిరి వినిపిస్తుంది. పాట మొదలవగానే గొంతు నున్నగా, స్వచ్ఛంగా, పైకి తేలిపోయింది. పెదవులు సరిగ్గానే కదులుతున్నాయి. కానీ మాట ఒకరిది, పాట ఇంకొకరిది. వెనకావిడ కూనిరాగం ఆపేసింది.

పాడుతున్నది మార్నీ నిక్సన్. తెర మీద ఆమె పేరు ఎక్కడా పడదు.

ఇంకో గంట గడిచింది. ఎలీజాకు దొరసానుల ఉచ్చారణ నేర్పడానికి హిగ్గిన్స్ పూనుకున్నాడు. అచ్చు తప్పిన అచ్చులు, నోట్లో గోళీలు, ‘హ’ పలికితే ఎగసే మంట, తెల్లవారుజామున ఉన్నట్టుండి నాలుక తిరగడం, ఆ సంబరంలో సోఫా చుట్టూ ముగ్గురి డాన్సు, అన్నీ అయ్యాయి. హిగ్గిన్స్ ప్రయోగశాలలో వినిపించే అచ్చుల రికార్డింగులు నిజమైన ధ్వనిశాస్త్రవేత్త, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ లాడెఫోగెడ్ గొంతువి. తర్వాత ఆస్కాట్ గుర్రప్పందాలు. సెసిల్ బీటన్ దాదాపు నలుపు తెలుపుల్లోనే మొత్తం జనానికి బట్టలు వేశాడు. ఆ మధ్యలో ఆడ్రీ నిటారుగా కూర్చుని, ప్రతి అక్షరాన్నీ కొలిచి పెడుతూ, తన పిన్ని చావుకు ఇన్‌ఫ్లుయెంజా కారణం కాదని, ఇంట్లోవాళ్లే ఏదో చేశారని దొరసానులకు చెబుతుంది. ఉచ్చారణ రాణీగారిది, కథ మురికివాడది. హాలంతా నవ్వింది, వెనకావిడ కూడా. గమనించండి, అక్కడ ఆమె ఒక్కసారి కూడా నవ్వించాలని చూడదు. ఆ పిల్లకు తను తప్పు చేస్తున్నట్టు తెలియదు. చెప్పిన పాఠం బుద్ధిగా అప్పగిస్తోంది. నవ్వు అందుకే వచ్చింది.

ఎలీజా రాయబారి ఇంటి విందుకు బయలుదేరుతుంది. విశ్రాంతి.

లాబీలోకి రండి. సిగరెట్ పొగ, కాఫీ, చేతుల్లో బొమ్మల పుస్తకాలు. మాట్లాడుకునేది ఒకే సంగతి. నాటకం చూసినవాళ్ల జట్టుకు కోపం ఇంకా తగ్గలేదు. జూలీ ఉండగా ఇంకొకరి గొంతు అరువు తేవడమేమిటని వాళ్లు అడుగుతున్నారు. ఆడ్రీ అభిమానులకు పాట సంగతే పట్టలేదు. ఆస్కాట్ టోపీ కింద ఆ ముఖం చాలునంటున్నారు. ఈ కథకు మూలమైన బెర్నార్డ్ షా నాటకం ‘పిగ్మేలియన్’ చదువుకున్న మూడో జట్టు వాదన వేరు. ఆ నాటకాన్ని తీసిన 1938 సినిమాలో వెండీ హిల్లర్ నిజంగా వీధి నుంచి వచ్చినట్టుండేదనీ, ఈమె మొదటి నుంచీ దొరసానే కాబట్టి మారడానికేముందనీ అంటున్నారు. వయసు సంగతీ ఎత్తుతారు. షా ఎలీజాకు ఇరవై లోపు, షూటింగ్ నాటికి ఆడ్రీకి ముప్ఫై నాలుగు. అయితే 1914లో లండన్ రంగస్థలం మీద ఎలీజా వేసిన మిసెస్ ప్యాట్రిక్ క్యాంబెల్‌కు నలభై తొమ్మిదేళ్లు. షా ఆమె కోసమే ఆ పాత్ర రాశాడు. వయసు మీద తగాదా అక్కడితో తీరాలి.

పేదరికం ఆమెకు తెలియదన్న మాటను మాత్రం నేను ఊరికే పోనివ్వను. జర్మన్ సైన్యం నెదర్లాండ్స్‌ను పట్టుకున్న అయిదేళ్లూ ఆడ్రీ అక్కడే ఉంది. 1944-45 చలికాలంలో ఆ దేశం ఆకలితో చచ్చింది. ఆ ఆకలి తిన్న పిల్లల్లో ఆమె ఒకతె. ఆ సన్నటి మెడను చూసి దొరసాని అనుకుంటున్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. పడిన కష్టం దానంతటది నటన కాదు, నిజమే. కానీ ఎరగని బతుకును ఆడిందనడం తప్పు.

రెండో సగానికి గంట కొట్టేలోపు ఒక్క అడుగు వెనక్కి వేద్దాం. 1963, కాలిఫోర్నియా, బర్బాంక్, వార్నర్ స్టూడియో. మీరు సౌండ్ స్టేజిలో కేబుళ్లు తొక్కకుండా ఒక మూల నిలబడ్డారు. పైన ఆకాశం లేదు, దీపాలే. కోవెంట్ గార్డెన్, వింపోల్ స్ట్రీట్, ఆస్కాట్, అన్నీ ఈ కప్పుల కిందే కట్టారు. దర్శకుడు జార్జ్ క్యూకర్.

రెక్స్ హారిసన్‌ను చూడండి. అతను పాటను పాడడు, తాళానికి మాట్లాడతాడు. ప్రతిసారీ ఒకేలా మాట్లాడడు కూడా. ముందే రికార్డు చేసి పెదవులు కదపడం తనవల్ల కాదన్నాడు. అతని కోసం టై ముడిలో చిన్న వైర్‌లెస్ మైకు దాచి, సెట్ మీదే గొంతు పట్టారు. ఒక మనిషి పట్టుదల కోసం మొత్తం శబ్ద విభాగం కొత్త దారి వెతికింది. ఆ పనికి తర్వాత ఆస్కార్ కూడా వచ్చింది.

ఇప్పుడు ఆడ్రీ వైపు తిరగండి. నెలల తరబడి ఆమె గొంతు సాధన చేసింది. పాటలు రికార్డు కూడా చేసింది. ‘ఫన్నీ ఫేస్’లో తన పాట తనే పాడుకుంది. ‘బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్’లో కిటికీ మీద కూర్చుని పాడిన పాటను హెన్రీ మాన్సినీ ఆమె గొంతు పరిధికి తగ్గట్టే కట్టాడు. ఇక్కడి పాటలు జూలీ గొంతుకు కట్టినవి, పైకి పోతాయి. ఒకటి రెండు ఎత్తు స్వరాలకు మార్నీ సాయం ఉంటుందనీ, మిగతాదంతా తన గొంతేననీ ఆమె నమ్మకం. ఒకరోజు వచ్చి చెప్పారు, దాదాపు అన్నీ మార్నీవేనని. ఆమె సెట్ వదిలి వెళ్ళిపోయింది. మర్నాడు వచ్చి అందరికీ క్షమాపణ చెప్పుకుంది. అక్కడున్నవాళ్లు తర్వాత చెప్పిన సంగతి ఇది. క్షమాపణ ఆమె చెప్పుకోవలసింది కాదని నా అభిప్రాయం.

అప్పటి నుంచి ఒకే ఫ్రేములో రెక్స్ సొంత గొంతుతో, అప్పటికప్పుడు పలుకుతున్నాడు. ఆడ్రీ ఇంకొకరి రికార్డింగుకు పెదవులు కలుపుతోంది. నటనలో అది ఎంత తేడానో సెట్ మీద నిలబడ్డ మీకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మన తెలుగువాళ్లకు ఈ గొడవ మొదట వింతగా తోస్తుంది. నేపథ్య గానం మీద పెరిగినవాళ్లం కదా. ‘మిస్సమ్మ’ సంగతే తీసుకోండి. మొదట ఆ పాత్ర భానుమతిది. తన పాట తను పాడుకునే నటి. కొంత షూటింగ్ అయ్యాక నిర్మాతతో పొసగక తప్పుకుంది, పాత్ర సావిత్రికి వెళ్ళింది, పాటలు పి. లీల పాడారు. 1955లో సినిమా వచ్చింది. పాట తనది కాదు కాబట్టి ఆ నటన సావిత్రిది కాదని మనలో ఒక్కరూ అనలేదు. అయితే రెండు తేడాలున్నాయి. లీల గొంతు అని మనకు తెలుసు, రికార్డు మీదా పాటల పుస్తకం మీదా పేరుండేది, ఎవరి కూలి వాళ్లకు దక్కింది. మార్నీ పేరును దాచారు, దాచింది బయటపడింది, తప్పు ఆడ్రీ మీద పడింది. రెండోది ఇంకా పెద్దది. ఎలీజా కథే గొంతు కథ. ఒకడు ఒక ఆడపిల్ల గొంతు తీసేసి తనకు నచ్చింది పెడితే ఆ పిల్లకు ఏం మిగిలింది అన్నదే షా వేసిన ప్రశ్న. అలాంటి కథలో నాయిక గొంతు తీసేసి ఇంకొకటి పెట్టారు.

గంట కొట్టారు. సీట్లో కూర్చోండి.

విందు గెలిచింది. ఉచ్చారణ పసిగట్టే హంగేరియన్ పండితుడు కార్పతీ ఆమెతో నాట్యమాడి, ఈమె ఇంగ్లీషు అమ్మాయి కాదు, హంగేరియన్ రాచకన్య అని తేల్చాడు. ముగ్గురూ వింపోల్ స్ట్రీట్ ఇంటికి వచ్చారు. ఇక్కడి నుంచి తెర మీద నుంచి చూపు తిప్పకండి.

హిగ్గిన్స్, అతని స్నేహితుడు పికరింగ్ ఒకరినొకరు మెచ్చుకుంటున్నారు. పనివాళ్లు పరుగెత్తుకొచ్చి పాటందుకున్నారు. గది మధ్యలో పండగ. ఎలీజా పక్కకు నిలబడింది. తెల్లటి పూసల గౌను, ఎత్తుగా కట్టిన జుట్టు, మెడలో నగలు. ఆమెతో ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. పాట నడుస్తున్నంతసేపూ ఆడ్రీ దాదాపు కదలదు. మొదట చూపులో ఆశ ఉంది, ఇప్పుడు నా వంతు వస్తుంది అన్నట్టు. మెల్లగా కళ్లు దించుతుంది. మెడ అలాగే నిటారుగా ఉంది, వాళ్లు నేర్పినట్టే. ముఖంలో ఏదో ఆరిపోయింది. ఇందాక కోవెంట్ గార్డెన్‌లో కేకలు పెట్టినప్పుడు రాని నమ్మకం ఇక్కడ, ఒక్క మాట లేకుండా, మొత్తంగా వచ్చేసింది.

అందరూ వెళ్ళాక దీపాలు ఆర్పమని ఆమెకే పని చెప్పి హిగ్గిన్స్ మేడెక్కుతాడు. ఆమె నేల మీద కుప్పకూలి ఏడుస్తుంది. అతను చెప్పుల కోసం తిరిగొస్తాడు. ఆ చెప్పులు అతని మీదికే విసురుతుంది. మామూలుగా ఇక్కడ హాలు నవ్వాలి. నవ్వదు. నేనేమైపోవాలి అని ఆమె అడుగుతోంది. అతనికి ప్రశ్నే అర్థం కాలేదు. ఒంటి మీద బట్టలు తనవో కాదో కనుక్కుంటుంది, రేపు దొంగతనం అంటగడతారేమోనని. ఆ మాట అడుగుతున్నప్పుడు ఆమె గొంతు పెరగదు. లెక్క అప్పగించే పనిమనిషి మర్యాదతో అడుగుతుంది. నగలు తీసి ఇచ్చేస్తుంది. అతను మొదటిసారి గాయపడి విసురుగా వెళ్ళిపోతాడు.

ఒంటరిగా మిగిలిన ఎలీజా, మొదటి సగంలో కోపంతో పాడిన ‘జస్ట్ యూ వెయిట్’ పాటను ఏడుస్తూ మళ్లీ అందుకుంటుంది. చెవి పెట్టి వినండి. స్వరం తడబడుతోంది, ఊపిరి అందడం లేదు, మాటకూ పాటకూ మధ్య అతుకు లేదు. ఇది మార్నీ కాదు. ఇది పూర్తిగా ఆడ్రీ సొంత గొంతు. మొదటి సగంలో ఆ పాట కోపపు చరణాల్లోనూ ఆమె గొంతే ఉంది. అది ఊహల్లోకి, తీపిలోకి ఎగిసినప్పుడు మార్నీకి మారి, మళ్లీ కోపానికి ఆమె దగ్గరికే తిరిగొస్తుంది. ఒకసారి పట్టుకున్నాక ఆ మారే చోటు మీ చెవి వదలదు. ఈ రెండోసారి మాత్రం మార్చడానికి ఎవరికీ చేతులు రాలేదు. సినిమా మొత్తంలో ఎలీజా దుఃఖం అచ్చంగా పలికింది ఇక్కడే. పనికిరాదని పక్కన పెట్టిన గొంతు పలికించింది దాన్ని.

సినిమా వదిలారు. ‘న్యూయార్క్ టైమ్స్’లో బోస్లీ క్రౌథర్ ఆమెను మెచ్చుకుంటూనే రాశాడు. మెచ్చనివాళ్ల మాటే ఎక్కువ దూరం వెళ్ళింది. 1965 ఫిబ్రవరిలో ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. ‘మై ఫెయిర్ లేడీ’కి పన్నెండు. హిగ్గిన్స్‌కుంది, ఎలీజా తండ్రి వేసిన స్టాన్లీ హాలోవేకుంది, హిగ్గిన్స్ తల్లి వేసిన గ్లాడిస్ కూపర్‌కుంది. ఎలీజాకు లేదు. ఉత్తమ నటి జాబితాలో జూలీ ఆండ్రూస్ ఉంది, ‘మేరీ పాపిన్స్’కు. ఆడ్రీకి నామినేషన్ రావలసిందని జూలీ బయటికే అంది.

ఏప్రిల్ 5 రాత్రి. సాంటా మోనికా సివిక్ ఆడిటోరియం. బాబ్ హోప్ వ్యాఖ్యాత. ఉత్తమ నటుడి బహుమతి ఇవ్వవలసింది కిందటేడు ఉత్తమ నటి ప్యాట్రీషియా నీల్. ఆమెకు ఆ ఫిబ్రవరిలోనే మెదడులో రక్తస్రావమై మంచం పట్టింది. ఆమె బదులు వేదిక మీదికి వచ్చింది ఆడ్రీ హెప్‌బర్న్. తనకు నామినేషన్ కూడా దక్కని సినిమా తరఫున, ఇంకొకరి చోట నిలబడి, కవరు విప్పి రెక్స్ హారిసన్ పేరు చదివింది. ఆ సంతోషంలో ఎక్కడా కల్తీ లేదు. రెక్స్ ఆమెను ముద్దు పెట్టుకుని, తన ఇద్దరు ఎలీజాలకూ ప్రేమ చెప్పుకున్నాడు. ఒకరు పక్కన, ఒకరు కింద వరుసలో. సిడ్నీ పాయిటియర్ చేతుల మీదుగా ఉత్తమ నటి బహుమతి జూలీకి అందింది. ‘మై ఫెయిర్ లేడీ’కి మొత్తం ఎనిమిది వచ్చాయి.

గొంతు అరువుదన్న కారణంతో ఆమెను వదిలేశారన్నది ఆనాటి మాట. అదే నిజమైతే అకాడమీ తన చరిత్ర తనే మర్చిపోయింది. 1956లో ‘ది కింగ్ అండ్ ఐ’లో డెబొరా కెర్‌కు పాడింది ఈ మార్నీ నిక్సనే. ఆ పాత్రకు కెర్‌కు ఉత్తమ నటి నామినేషన్ వచ్చింది. ఒకరికి అడ్డురాని గొంతు ఇంకొకరికి అడ్డొచ్చిందంటే, ఓటు వేసినవాళ్లు తెర మీద నటనను చూడలేదు, తెర వెనక అన్యాయానికి శిక్ష వేశారు. ఆ అన్యాయం చేసింది జాక్ వార్నర్. అతను ఉత్తమ చిత్రం బహుమతి తీసుకుని ఇంటికి వెళ్ళాడు.

నాటకంలో జూలీ ఇంతకంటే గొప్పగా చేసి ఉండవచ్చు. పాటల మటుకు చేసిందనడానికి రికార్డు సాక్ష్యం ఉంది. పూలమ్మే ఎలీజా ఆడ్రీ చేతుల్లో పలచగా ఉందన్నదీ నిజం. కానీ విందు తర్వాతి పావుగంట, ఆ నిలబడటం, ఆ గౌను సంగతి అడగటం, ఆ తడబడే పాట, ఆ ఏడాది ఏ నటి పనికీ తీసిపోదు. నామినేషన్ ఆమె హక్కు. మార్నీ నిక్సన్ పేరు తెర మీద పడటం మార్నీ హక్కు. ఆ రెండూ జరగలేదు.

ఆడ్రీ సొంత గొంతుతో పాడిన ఒకటి రెండు పాటలు దొరికాయి, సినిమా డీవీడీల్లో చేర్చారు. ముందు అవి వినండి. తర్వాత సినిమా పెట్టి, విందు నుంచి ఇంటికి వచ్చిన ఘట్టం ఒక్కటీ చూడండి. ఇన్నేళ్లుగా విన్న తీర్పులు పక్కన పెట్టి మీ తీర్పు మీరు చెప్పండి.